పేరున్న ఒకే ఒక్క కాగితం

పోయిన నెల నా ఫోనుకు ఒక ఉత్తరం వచ్చింది. నేను చదివిన కాలేజీ ఇప్పుడు లేదు. దాన్ని ఒక పెద్ద సంస్థలో కలిపేశారు, ఆ పెద్ద సంస్థ కూడా తర్వాత పేరు మార్చుకుంది. అయినా వాళ్ల జాబితాలో నేనింకా బతికే ఉన్నాను, పూర్వవిద్యార్థిగా. ‘మీరు పొందిన ఉన్నత విద్యను ఎలా అంచనా వేస్తారు?’ అన్నది మొదటి ప్రశ్న. దాని కింద వరసగా అయిదు బొమ్మముఖాలు. ఎడమ కొసన ఏడుపు ముఖం, కుడి కొసన పళ్లికిలించే ముఖం, మధ్యలో ఎటూ తేలని పెద్దమనిషి ముఖాలు. నచ్చినదాన్ని వేలితో తాకాలట. చాలాసేపు వేలు గాల్లో పెట్టుకుని కూర్చున్నాను. వాంతి వచ్చేవాడి ముఖమొకటి పెట్టి ఉంటే పని తేలికయ్యేది. మర్చిపోయినట్టున్నారు.

ఆ చదువు గుర్తొస్తే నాకు మొదట వచ్చేది పుస్తకాల వాసన కాదు, దక్షిణాఫ్రికాలో, డర్బన్ ఊరి రిజర్వాయర్ హిల్స్‌లో అప్పలమ్మ అవ్వ వంటింట్లో మసాలా వేగే వాసన. పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆసుపత్రిలో డాక్టరుగా కుదిరిన మా మేనమామ నన్ను ఇండియా నుంచి రప్పించి, లెక్కల మేష్టరు కావడానికి కావలసిన డిప్లొమాలో చేర్పించాడు. భజనల దగ్గర పరిచయమైన అవ్వ ఇంట్లో వెనక గది మాట్లాడిపెట్టాడు. అవ్వ తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాడు. మాది విజయనగరం దగ్గర పల్లె అని తెలియగానే ఆవిడ నన్ను ‘మా ఊరోడు’ చేసేసుకుంది. ఆ ఊరు ఆవిడ ఎన్నడూ చూడలేదు. కానీ ఆ ఊరి మాటలు పాత నగల్లా మూటగట్టి దాచుకుంది. తిట్టడానికి, దేవుణ్ణి పిలవడానికి, అన్నానికి పిలవడానికి మాత్రం తీసి వాడేది. మిగతాదంతా ఇంగ్లీషే, మధ్యమధ్య ఒక జులూ మాట.

ఆ ఇంట్లో పొద్దు దీపంతో మొదలయ్యేది. ముందు గదిలో ఇత్తడి దీపం, దాని పక్కన సాంబ్రాణి, ఆ పొగ లోపల్నించి వంటింట్లోకి, వంటింటి పొగ దీపం దగ్గరికి, రెండూ నడవలో కలుసుకుని నా గదిలోకి వచ్చేవి. పెరట్లో కరివేపాకు చెట్టు, దాని మీద వాలే కోతులు. కోతులంటే అవ్వకు, కాలేజీ వాళ్లంటే ఉన్నంత కోపం. రొట్టె ముక్క కోసం కిటికీలోంచి చెయ్యి పెడితే పీటతో తరిమేది. ఇంకో వైపు నుంచి అవ్వ మనవరాలు సరస్ చీపురు పట్టుకుని వచ్చేది. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అవ్వే పెంచింది. నాకన్నా రెండేళ్లు పెద్దది, మా క్లాసులోనే చదివేది. నిజానికి మా క్లాసు మొదలు కాకముందు నుంచీ చదువుతోంది. ఒక పేపరు రెండుసార్లు తప్పింది. ఆ ఏడు మూడోసారి రాయాలి, అదీ పోతే ఇక రాయనివ్వరు. అది రూలు. నార్త్‌డేల్‌లో ఒక బడి వాళ్లు ఆమెకు ఉద్యోగం ఖాయం చేసి, డిప్లొమా చేతికి రావడానికి ఎదురుచూస్తున్నారు.

అవ్వకొక నియమం ఉండేది. వండేటప్పుడు రుచి చూడదు. దీపానికి నైవేద్యం పెట్టకుండా నాలిక మీద చుక్క కూడా వేసుకోదు. కాబట్టి ఉప్పు సంగతి తినేవాళ్లే చెప్పాలి. మొదటి ముద్ద లోపలికి పోగానే ఆవిడ గరిటె పట్టుకుని మన ముఖంలోకి చూస్తూ నిలబడేది. సరస్ నిర్మొహమాటంగా చెప్పేది, ఎక్కువ, తక్కువ, ఇంకాస్త పులుపు అని. నేను మాత్రం వచ్చిన రోజు నుంచీ ఒకే మాట. చాలా బాగుంది అవ్వా. నాకు తెలిసిన మర్యాద అది. పెట్టిన చేతిని తప్పుపట్టకూడదని మా అమ్మ నేర్పింది. ఒకనాడు అవ్వ బీన్స్ కూరలో ఉప్పు వెయ్యడమే మర్చిపోయింది. నేను రెండోసారి వడ్డించుకుని మరీ చాలా బాగుందన్నాను. సరస్ ఒక మెతుకు నోట్లో వేసుకుని నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగింది. అవ్వ మాత్రం నవ్వలేదు.

“ఏటిరా అబ్బీ,” అంది, “నాను రుచి చూడను. నువ్వు అబద్ధం చెప్పితే నాకు ఎలా తెలస్తాది? రేపు కూడా ఇలాగే వండతాను. ఇంకోడొచ్చి తింటాడు. ఆడికేటి చెప్తావు?”

ఆ రోజు నేను నవ్వేసి ఊరుకున్నాను. ఉన్నత విద్య గురించి నేను విన్న ఒకే ఒక్క మంచి పాఠం అదేనని తెలియడానికి ఒక జీవితం పట్టింది. దానికి ఫీజు కూడా లేదు.

ఇక కాలేజీ. సరస్ రెండుసార్లు తప్పిన పేపరు చెప్పే లెక్చరరు పేరు నేను రాయను. ఆయనది ఏ రంగో, ఏ జాతో కూడా రాయను. రాస్తే చదివేవాళ్లు ‘ఓహో, వాళ్లంతే’ అని పుస్తకం మూసేస్తారు. ఆయన చదువు చెప్పేవాడు కాదు, చదివి చెప్పేవాడు. నీలం అట్ట ఫైలు ఒకటి ఉండేది, అందులో అంచులు పసుపెక్కిన కాగితాలు. వచ్చేవాడు, ఆలస్యంగా. ఫైలు తెరిచేవాడు, పైపు పొగాకు కంపు ముందు బెంచీ దాకా వచ్చేది. నిన్న ఆపిన పంక్తి నుంచి చదివేవాడు. పై తరగతుల వాళ్ల నోట్సు ప్రతులు మా అందరి దగ్గరా ఉండేవి. అందులో ఆయన వేసే జోకు కూడా ఉండేది, ఆయన వేసే చోటే. ఎవరో ముందుచూపున్నవాడు దాని పక్కన ‘ఇక్కడ నవ్వవలెను’ అని రాసిపెట్టాడు. నవ్వేవాళ్లం. ఎవరైనా సందేహం అడిగితే, ఈ మధ్య గేట్లు అందరికీ తెరిచేశారు, అందుకే ఇలాంటి ప్రశ్నలొస్తున్నాయి అని కిటికీలోంచి గేటు వైపు చూసేవాడు. గేటు పాపం ఏమీ అనేది కాదు.

పరీక్ష పేపర్లు దిద్ది ఇస్తే పై అట్ట మీద ఒక అంకె ఉండేది. లోపల మాత్రం కలం తాకిన గుర్తే ఉండదు. తూకం వేసి మార్కులిస్తాడని క్లాసులో అనుకునేవారు. సరస్ అనుకుని ఊరుకునే రకం కాదు. ఆ ఏడు పరీక్షకు వెళ్తూ అవ్వ దగ్గర నాలుగు మెత్తని అన్నం మెతుకులు అడిగి కాగితంలో పొట్లం కట్టుకుంది. పెళ్లి కార్డుల కవర్లు అవ్వ అంటించేది మెతుకులతోనే. జవాబు పుస్తకంలో మధ్య రెండు పేజీల అంచుకు ఆ మెతుకులు పులిమి అంటించి ఇచ్చేసి వచ్చింది. పుస్తకం తిరిగొచ్చింది. అట్ట మీద తప్పినట్టు అంకె. లోపల ఆ రెండు పేజీలు అంటుకున్నవి అంటుకున్నట్టే ఉన్నాయి, మెతుకు ఎండి గట్టిపడి. సరస్ దాన్ని వంటింటి బల్ల మీద పెట్టింది. అవ్వ వేలితో తడిమి చూసి, ‘హైబో’ అని జులూలో ఆశ్చర్యపోయి, తర్వాత తెలుగులో ఆ మేష్టరును తిట్టింది. ఆ తిట్టు ఆవిడ దాచుకున్న నగల్లో అన్నిటికన్నా పెద్దది. ఇక్కడ పెట్టలేను.

అప్పటికి దేశంలో రంగు తేడా లేకుండా అందరూ మొదటిసారి ఓటేసి ఎంతో కాలం కాలేదు. అవ్వ మడత కుర్చీ పట్టుకెళ్లి, వరసలో అడుగడుగునా దాన్ని జరుపుకుంటూ, పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చుని ఓటేసి వచ్చింది. ఆ వేడి ఇంకా చల్లారలేదు. మా క్లాసు ప్రతినిధి తాండేకా అనే జులూ అమ్మాయి, గొంతు పెద్దది కాదు గానీ ఎవరూ తోసిపుచ్చలేని మనిషి. సరస్ పుస్తకం చూసి నేరుగా డీన్ గదికి వెళ్లింది. దేశాన్ని ఎవరు నడపాలో మమ్మల్ని అడిగారు, క్లాసును ఎవరు నడుపుతున్నారో అడగరా అని ఆయన్నే అడిగిందట. డీన్ మర్యాదస్థుడు. పేజీలు అంటుకోవడానికి డర్బన్ ఉక్కపోత చాలన్నాడు. అయినా ఆ రోజుల్లో కాదనడానికి అందరికీ భయంగా ఉండేది కాబట్టి ఒక దారి చూపించాడు. క్లాసంతా లెక్చరరు మీద అభిప్రాయ ఫారాలు నింపాలి. వాటిలో తేలినదాన్ని బట్టి పేపర్లన్నీ వేరేవాళ్లతో మళ్లీ దిద్దించాలా వద్దా చూస్తారు. సరస్ నార్త్‌డేల్ ఉద్యోగం ఆ ఫారాల మీదికొచ్చి ఆగింది.

ఆ కాలేజీలో అలాంటి ఫారం అదే మొదటిసారి. సమయానికి వస్తారా, విషయం విడమరిచి చెబుతారా, పేపర్లు శ్రద్ధగా దిద్దుతారా. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు. కింద, ఇంకేమైనా చెప్పదలిస్తే అని నాలుగు గీతలు. పేరు రాయవద్దని తాండేకా రెండుసార్లు చెప్పింది. నేను విన్నాను. విన్నాక ఏం జరిగిందో ఇప్పటికీ నాకే అంతుపట్టదు, లేదా అంతుపట్టలేదని చెప్పుకోవడం నాకు హాయిగా ఉంది. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమస్తా. పేరు లేని కాగితమంటే ఆయనకు ఆకాశరామన్న ఉత్తరం, అది రాసినవాడు మనిషి కాడు. ఇండియాలో మా కాలేజీల్లో ప్రాక్టికల్ మార్కులు గురువుగారి జేబులో ఉండేవి. గురువుకు మనం మార్కులెయ్యడమన్న మాట వింటేనే కళ్లు పోతాయనిపించేది. పైగా నేను చదువు పర్మిట్ మీద ఉన్న పరాయి దేశం వాణ్ణి. ఇవన్నీ కారణాలే. వీటన్నిటినీ కలిపి వండితే వచ్చే పదార్థం పేరు పిరికితనం.

అన్నిటికీ అయిదు వేశాను. కింద నాలుగు గీతల్లో, తమ బోధన వల్ల నేను ఎంతో లబ్ధి పొందానని రాసి, పూర్తి పేరు, తండ్రి పేరు, నమోదు సంఖ్య, శాశ్వత చిరునామా రాసి, ‘తమ విధేయ విద్యార్థి’ అని సంతకం చేశాను. సంతకం కింద గీత కూడా కొట్టాను. మిగతా ముప్పై మంది ఒకట్లూ రెండ్లూ వేసి, పేరు లేకుండా మడిచి పెట్టెలో పడేశారు.

వారం తర్వాత డీన్ గదికి పిలుపొచ్చింది. బల్లకు ఒక వైపు డీన్, పక్కన నీలం ఫైలు ఒళ్లో పెట్టుకుని లెక్చరరు. ఇటు తాండేకా, సరస్. సరస్ ముందు ఆమె జవాబు పుస్తకం, అంటుకున్న పేజీలు పైకి కనపడేలా. ఫారాల దొంతర డీన్ చేతి కింద ఉంది. దాని పక్కన విడిగా ఒక్కటే కాగితం. నా దస్తూరీ దూరం నుంచే గుర్తుపట్టాను. చిన్నప్పుడు కాపీ రాతలో బహుమతి వచ్చిన దస్తూరీ అది. పేరులేని రాతలు మరుగుదొడ్డి గోడల మీద కూడా ఉంటాయని లెక్చరరు అప్పటికే అన్నాడట. డీన్ చాలా సౌమ్యంగా, మొత్తం క్లాసులో ఒక్క విద్యార్థికి మాత్రం తన మాట కింద తన పేరు పెట్టే ధైర్యం ఉందని చెప్పి, ఆ కాగితం నా వైపు తిప్పాడు. ధైర్యం! ఆ మాట నా గురించి వాడిన మొదటి మనిషీ చివరి మనిషీ ఆయనే.

“ఇది మీరు రాసిందేనా?”

“అవును సార్.”

“ఇందులో రాసింది నిజమేనా? మార్చుకోదలిస్తే ఇప్పుడు మార్చుకోవచ్చు.”

గదిలో పొగాకు కంపు. లెక్చరరు నన్ను చూసి తల కొద్దిగా ఊపాడు, అన్నం పెట్టినవాడిలా. సరస్ నా వైపు చూడలేదు, అంటుకున్న పేజీల అంచును గోటితో గీరుతోంది. నాకు చెప్పడానికి ఒకే మాట కావాలి, చిన్నది, తెలుగులో అయితే రెండక్షరాలు.

“నిజమే సార్,” అన్నాను.

అంతే, అయిపోయింది. పేపర్లు మళ్లీ దిద్దించలేదు. సరస్‌కు నాలుగోసారి రాసే వీలు లేదు. కొద్దివారాలకు నార్త్‌డేల్ వాళ్లు వేరే మనిషిని తీసుకున్నారు. నా జవాబు పుస్తకం కూడా వచ్చింది, అట్ట మీద డెబ్భై ఎనిమిది. ఆ పేపర్లో క్లాసుకు ఫస్టు నేనే. లోపల పేజీలన్నీ తిప్పి చూశాను. ఎక్కడా కలం తాకలేదు. సరస్‌ది ఎంత చదివాడో నాదీ అంతే చదివాడు. ఆ డెబ్భై ఎనిమిదితో నాకు పట్టా వచ్చింది, పట్టాతో ఉద్యోగం, ఉద్యోగంతో ఈ దేశంలో ఉండిపోయే కాగితాలు. నా బతుకంతా ఒక తెరవని పుస్తకం మీద వేసిన అంకె.

డీన్ గదిలోంచి బయటికొచ్చాక సరస్ నన్ను తిట్టలేదు. బస్సులో నా పక్కనే కూర్చుంది, వేరే సీటు లేక. దిగే ముందు మాత్రం ఇంగ్లీషులో మొదలుపెట్టి మధ్యలో అవ్వ భాషలోకి దిగింది.

“నువ్వు చెడ్డోడివి కాదు, యా? నాకు తెలుసు. నీకు మంచోడివి అనిపించుకోవాలి, అంతే. దానికి నా డిప్లొమా పోయింది.”

ఆ సాయంత్రం అవ్వ ఎప్పటిలాగే దీపానికి పెట్టి, పళ్లేలు వేసింది. చేప కూర. నేను తల వంచుకుని మొదటి ముద్ద పెట్టుకుని, ఆ ప్రశ్న కోసం ఆగాను. ఈసారి ఏమడిగినా నిజం చెప్పాలనుకున్నాను, ఎంత ఆలస్యంగా పుట్టిన నిజాయితీ! అవ్వ గరిటె పట్టుకుని సరస్ వైపు తిరిగి, ఉప్పు సరిపోనాదేటి అని అడిగింది. నన్ను అడగలేదు. డిసెంబరులో నేను గది ఖాళీ చేసేదాకా ప్రతిపూటా వడ్డించింది, చేప ముక్క పెద్దదే వేసింది, ఇంకాస్త తినమంది. ఉప్పు మాత్రం అడగలేదు. ఒక్క మాట తిట్టి ఉంటే దాన్ని దాచుకుని బతికేవాణ్ణి.

తర్వాత నేనూ పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఒక కాలేజీలో చదువు చెప్పేవాణ్ణయ్యాను. ఫారాలు అప్పటికి ఆచారమైపోయాయి, ప్రతి టర్ము చివరా ఒక దొంతర. మంచివి ప్రమోషను ఫైల్లో పెట్టుకునేవాళ్లం, చెడ్డవి ఆకతాయిల పని అనుకునేవాళ్లం. ఒక ఏడు ఒక కుర్రవాడు అన్నిటికీ అయిదు వేసి కింద పూర్తి పేరు రాసి సంతకం చేశాడు. నాకు నోరు తీపెక్కింది. నిజం చెబుతున్నాను, మొదట తీపే ఎక్కింది. దాన్ని ఫైల్లో అందరికన్నా పైన పెట్టుకున్నాను. రెండు రోజుల తర్వాత ఇంట్లో కాఫీ తాగుతూ ఉండగా, ఆ తీపి నీలం ఫైలాయన తల ఊపినప్పుడు ఆయన నోట్లో ఉన్న తీపేనని తెలిసి, కాఫీ సింకులో పారబోశాను. కాగితం ఫైల్లోంచి తీశానా? తీయలేదు. ఆ ఏడు ప్రమోషనొచ్చింది.

ఇప్పుడు ఈ పూర్వవిద్యార్థి ఫారం. చివరికి ఏడుపు ముఖాన్నే తాకాను, అన్ని ప్రశ్నలకూ. చివర్లో, మీ మాటల్లో చెప్పండి అని ఒక గడి ఉంటే అందులో జరిగినదంతా రాశాను. మెతుకులు, అంటుకున్న పేజీలు, నా అయిదులు, నా డెబ్భై ఎనిమిది. దాని కింద పూర్తి పేరు, తండ్రి పేరు, ఆనాటి నమోదు సంఖ్య రాశాను. పంపగానే తెరమీద జవాబొచ్చింది. మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు, మీ గోప్యత కోసం మీ పేరూ వివరాలూ తొలగించాము. ఆ రోజు అక్కరలేని పేరును పట్టుకుని వేలాడినవాళ్లు, ఇవాళ ఇచ్చిన పేరును కడిగేశారు. ఇప్పుడు నేనూ ఆకాశరామన్ననే.

మర్నాడు డర్బన్‌లోని ఖర్వాస్తాన్ పేటకు వెళ్లాను. సరస్ అక్కడ తన ఇంటి ముందు గదిలో పసిపిల్లల బడి నడుపుతుంది. డిప్లొమా లేని టీచరు, నాకన్నా మంచి టీచరు. ఆ మాట ఎవరి ఫారం మీదా ఉండదు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ సంస్మరణ రోజులకు ఒకరిద్దరం వెళ్తుంటాం, మర్యాదగా మాట్లాడుకుని వచ్చేస్తుంటాం. నేను పంపిన ఫారం సంగతి చెప్పాను. సరస్ పిల్లల రంగు పెన్సిళ్లు డబ్బాలో సర్దుతూ విని, మంచిదేలే అంది, ఎవరిదో పక్కింటివాళ్ల కబురు విన్నట్టు. పేర్లు తీసేశారని చెబితే, మరి తీసేస్తారు కదా అంది.

మధ్యాహ్నం అన్నం తినమంది. అవ్వ దీపమే, ముందు గదిలో పిల్లల బొమ్మల మధ్య అలమర మీద ఉంది. దానికి పెట్టి వచ్చి నాకు వడ్డించింది, బీన్స్ కూర. తనూ వండేటప్పుడు రుచి చూడదని నాకు తెలుసు. మొదటి ముద్ద పెట్టుకున్నాను. ఆమె నన్నేమీ అడగలేదు, గరిటె పట్టుకుని కిటికీ వైపు చూస్తోంది. అక్కడ కోతి లేదు, ఏమీ లేదు.

“ఉప్పెక్కువైంది,” అన్నాను.

సరస్ కూర గిన్నె దగ్గరకు లాక్కుని, వేలితో అద్ది నాలిక మీద వేసుకుంది. నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది.